అలకీ అడుగుకీ మధ్య ఒక దారం

నేల మీద ఒక చోటును గుర్తుపెట్టుకోవడం సులువు. సరిహద్దు రాయి పాతితే మనుమల కాలానికి కూడా అది అక్కడే ఉంటుంది. సముద్రం అటువంటి సాక్ష్యాన్ని నిలువనివ్వదు. అందుకే కడలిని నమ్ముకొని బతికే ప్రతి జాతీ ఒకే ఉపాయాన్ని కనిపెట్టింది: అడుగున బరువు, పైన తేలే బెండు, రెంటినీ కలుపుతూ ఒక తాడు. విశాఖ చేపలరేవులో వలకు పైన బెండ్లూ కింద బరువులూ కట్టే జాలరి చేతిలో ఉన్నది ఈ ఉపాయమే.

నీటి అడుగున ఈదే డైవర్ల చేతిలోని రీలు కూడా ఈ వంశానిదే. పైన వెళ్ళే పడవవారికి తానెక్కడున్నాడో తెలియడానికి డైవరు ఎర్రటి గొట్టం వంటి సంచీలోకి కొంచెం గాలి నింపి వదులుతాడు. అది దారాన్ని లాక్కుంటూ పైకి పోయి నిటారుగా నిలుస్తుంది. ముప్పై మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలానికి నాలుగింతలు. అంటే అక్కడ నింపిన ఒక లీటరు గాలి పైకి చేరేసరికి నాలుగు లీటర్లవుతుంది. కనుక సంచీని నాలుగో వంతు నింపితే చాలు.

ప్రమాదమంతా దారంలోనే ఉంది. రీలు మరీ వదులుగా తిరిగితే దారం చిక్కుపడుతుంది. చిక్కుపడి బిగిసిందంటే సంచీ మనిషిని కూడా పైకి ఈడ్చుకుపోతుంది. అలా వేగంగా పైకి వస్తే రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కడుతుంది, ఊపిరితిత్తులు చిట్లవచ్చు. అందుకే పిడీ, పళ్ళచక్రపు ఆపుడూ ఉన్న రీళ్ళు తయారయ్యాయి. అయినా చాలామంది ఇప్పటికీ ఇష్టపడేది నేతగాడి కండెను పోలిన చిన్న చుట్టనే. అందులో తిరిగే భాగాలు లేవు, కాబట్టి చెడేదీ లేదు. దారం లోతు కంటే బాగా పొడుగుండాలి. ప్రవాహం దానిని ఏటవాలుగా లాగుతుంది మరి. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది: సంచీని వదిలే వేళ రీలును ఒంటికి తగిలించుకోరాదు. బిగిస్తే చేయి విడిచేయగలగాలి.

ఈ బెండూ తాడూ కథకు విశాఖ చరిత్రలో ఒక విషాద ఘట్టముంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి మన రేవు వెలుపల పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అది 1944లో అమెరికాలో 'డయాబ్లో' పేరుతో జలప్రవేశం చేసి, 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చిన నౌక. విక్రాంత్‌ను వెదుకుతూ వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీలే దానిని ముంచాయని మనవారు, తన మందుపాతరలో లోపలి పేలుడో కారణమని పాకిస్తాన్ వారు అంటూ వచ్చారు. అందులోని తొంభై మందికి పైగా నావికులలో ఎవరూ బతకలేదు.

నీటి మీద తేలిన నూనె మరకలూ శకలాలూ మొదట కనబడింది జాలరులకు. ఆ సముద్రమే తమ పొలమైనవారికి అందులో కొత్తగా మొలిచిన వస్తువు తెలియకుండా ఉంటుందా? ఆ తరువాత నౌకాదళ డైవర్లు దిగారు. ఆ పనిలో పాలుపంచుకొన్నది ఐఎన్ఎస్ నిస్తార్, సోవియట్ దేశం నుండి వచ్చి ఆ ఏడాదే దళంలో చేరిన రక్షక నౌక. నిస్తారమంటే దాటించడం, గట్టెక్కించడం. ఆ పేరుతోనే మన హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన కొత్త నౌక 2025 జూలై 18న విశాఖలో దళంలో చేరింది. మూడువందల మీటర్ల లోతులో పనిచేసే డైవర్లకు ఊతమివ్వడం దాని పని. ఏ యంత్రాలు వచ్చినా మూలసూత్రం మారలేదు: కిందికి దిగినవాడికి పైవాడితో సంబంధం తెగకూడదు.

నౌకాదళపు లోతుజల రక్షక యంత్రం ఘాజీ శిథిలాన్ని గుర్తించినట్టు 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. శత్రువులదైనా అది సమాధి కనుక దానిని తాకకుండా వదిలేశారట. ఆ నిర్ణయం నాకెంతో హుందాగా తోచింది.

బీచిరోడ్డులో 1971 విజయానికి స్మారకముంది, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఉంది. అవి ఉండవలసినవే. కానీ ఆ నూనెమరకను చూసి కబురు తెచ్చినవారు చరిత్రలో 'కొందరు జాలరులు'గానే మిగిలారు. అడుగున ఉన్నవారికేమో గుర్తుగా ఒక బెండైనా లేదు. చరిత్ర రాసేవాడి చేతిలోనూ ఒక రీలుంటుందని నేననుకుంటాను. అతడు ఎంత దారం వదిలితే అంత లోతు మనకు అందుతుంది. విజయమనే పైకొనను పట్టుకొని మురిసే మనం, కిందికొన దగ్గర ఎవరున్నారో కూడా అప్పుడప్పుడూ తలుచుకోవద్దా?