ఐపీ చిరునామా.. స్థిరమా? మారేదా?

అమలాపురం: అంతర్జాల కనెక్షన్‌కు ఇచ్చే సంఖ్యారూప గుర్తింపే ఐపీ చిరునామా. స్టాటిక్ ఐపీ ఎప్పుడూ ఒకటే. డైనమిక్ ఐపీ మారుతుంటుంది. ఐపీవీ4 విధానంలో ఉన్న చిరునామాలు సుమారు 430 కోట్లే. ఆసియా-పసిఫిక్ ప్రాంత నిల్వ 2011 ఏప్రిల్‌లోనే దాదాపు అడుగంటింది. అందుకే పలు సంస్థలు ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతూ, స్టాటిక్‌కు అదనపు రుసుము తీసుకుంటున్నాయి.

ఎవరికి ఏది?: గల్ఫ్ నుంచి రాజోలులోని ఇంటి సీసీ కెమెరాను చూసుకునేవారికి తయారీ సంస్థ యాప్ ఉంటే డైనమిక్ సరిపోతుంది. అంబాజీపేట కొబ్బరి వర్తకుడు తన దుకాణంలోని లెక్కల సర్వర్‌ను బయటి నుంచి నేరుగా తెరవాలంటే స్టాటిక్ మేలు.

జాగ్రత్త: మారని చిరునామా చొరబాటుదారులకూ సులువే. పరికరంతో వచ్చిన పాస్‌వర్డ్‌ను ముందుగా మార్చుకోవాలి.