అర్జీ నాడే మేలుకోవాలి

ఆపద వచ్చాక పరుగులు పెట్టడం వేరు, రాకముందే సిద్ధంగా ఉండడం వేరు. ఒక ప్రభుత్వ శాఖ గానీ, సంఘం గానీ, ఊరు గానీ ఆపదను ఎట్లా ఎదుర్కోవాలో, ఎట్లా ఎదుర్కోకూడదో తెలుసుకోవాలంటే మనం దూరం పోనక్కర్లేదు. ఆదిలాబాద్ అడవుల చరిత్ర చూస్తే చాలు.

నిజాం కాలంలో రిజర్వు అడవుల హద్దులు బిగిశాయి. మన తాతలు దున్నుకున్న భూములు అడవి లెక్కలోకి పోయాయి. మంచి నేలలకు బయటినుంచి వచ్చినవాళ్లు పట్టాలు చేయించుకున్నారు. గార్డులు గుడిసెలు తగలబెట్టారు. గోండులు, కోలాములు అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ అర్జీలే ముందస్తు హెచ్చరికలు. వినే చెవి లేకపోయింది. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు తుపాకులు పేలాయి. కొమురం భీంతో పాటు మరికొందరు మనవాళ్లు నేలకొరిగారు.

అప్పటికి గానీ సర్కారుకు మెలకువ రాలేదు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో మన ఇళ్ల మధ్యే ఉన్నాడు. మన మాట విన్నాడు, రాశాడు. అప్పుడు మూడు పనులు జరిగాయి. వేల కుటుంబాలకు భూమి పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. అక్కడ చదివినవాళ్లలో కొందరు టీచర్లయ్యారు, కొందరు పట్వారీలు, ఫారెస్టు గార్డులు అయ్యారు. కాగితం చదవగల మనిషి మన ఊళ్లోనే ఉంటే మోసం సగం ఆగుతుంది. టీచర్లుగా మేము ఆ కేంద్రాన్ని మా మొదటి బడి అనుకుంటాం.

అంటే అప్పటి ప్రభుత్వం కారణం వెతికింది, కారణానికే మందు వేసింది, మనవాళ్లను తయారు చేసింది. కానీ ప్రాణాలు పోయాకే చేసింది.

ఇంకో బాధ ఉంది. ఆ పాఠం నిలవలేదు. అధికారులు మారారు, ఫైళ్లు బీరువాల్లోకి పోయాయి. చట్టం ఉండగానే భూములు మళ్లీ చేతులు మారాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకున్న మనవాళ్ల మీద మళ్లీ కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్క 13 మంది. అంతకంటే చాలా ఎక్కువ అని మన ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నలభై ఏళ్లలో అదే తప్పు రెండోసారి జరిగింది.

కాబట్టి పాఠాన్ని ఆఫీసు దాచిపెడుతుందని మనం నమ్ముకోకూడదు. మనమే దాచుకోవాలి. మా అనుభవం ఒకటి చెబుతాం. ఒక ఏడు వానాకాలంలో మా హాస్టల్ పిల్లలకు జ్వరాలు వచ్చాయి. దోమతెరలు కావాలని ముందే అడిగాం. కానీ నోటిమాటగా అడిగాం. వాగు పొంగి దారి మూసుకుపోయాక పిల్లలను మంచం మీద మోసుకుంటూ పోయాం. పిల్లలు దక్కారు. తర్వాత, మీరెప్పుడు అడిగారు అన్నారు. మా దగ్గర జవాబు ఉంది, కాగితం లేదు.

అప్పటినుంచి మే నెలలోనే జాబితా రాస్తున్నాం. మందులు ఎన్ని, దోమతెరలు ఎన్ని, వాగు ఇవతల జీపు ఎవరికి ఉంది, రాత్రి ఎవరిని లేపాలి. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుంటున్నాం. పటేల్‌కు, పెద్దలకు చదివి వినిపిస్తున్నాం.

చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ ఊరి అర్జీ మీరే రాయండి. తేదీ వేయండి, కాపీ దాచండి. జోడేఘాట్ నాడు మనవాళ్ల దగ్గర న్యాయం ఉంది, రాసే చెయ్యి అరుదు. ఈరోజు ఆ చెయ్యి మీదే.