బిల్లు కట్టాక ఇల్లు గడవాలి

సనత్‌నగర్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూసేవాణ్ని. 1980ల మొదట్లో, లేత్ మీద పనిచేసే ఒకతనికి క్షయ వచ్చింది. మందులు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) డిస్పెన్సరీలో ఉచితం, వైద్యానికి పైసా పెట్టుకోలేదు. అయినా అతని భార్య నెల తిరిగేసరికి మా టేబుల్ దగ్గర నిలబడేది. డాక్టరు సర్టిఫికెట్టు ఈఎస్ఐ లోకల్ ఆఫీసులో ఇస్తే వచ్చిన డబ్బు ఎంతో కాగితం మీద చూపించి, ‘లెక్క సరిగ్గా వేశారా చూడండి సార్’ అనేది. ఆ ఇంట్లో బియ్యానికీ అద్దెకూ అదే ఆధారం. జబ్బు ఖర్చు ఆసుపత్రి గుమ్మంలో ఆగదని నాకు తెలిసింది ఆమె వల్లే.

ఈ సంగతి ప్రొఫెసర్ బి.పి. అదార్కర్ చాలా ముందే గుర్తించాడు. 1944లో ఆయన ఇచ్చిన నివేదికే 1948 ఈఎస్ఐ చట్టానికి పునాది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో పథకం మొదలైంది. వైద్యంతోపాటు పోయిన జీతంలో కొంత ఇవ్వడం అందులో మొదటినుంచీ ఉంది. తర్వాత్తర్వాత క్యాన్సర్‌లాంటి దీర్ఘరోగాలకు రెండేళ్ల దాకా, జీతంలో 80 శాతం ఇచ్చే ఏర్పాటూ వచ్చింది. అయితే ఈ పథకంలో చేరడానికి జీతం పరిమితి ఉంది. 2017లో అది నెలకు 21,000 రూపాయలు.

ఆ పైవాళ్లకు దిక్కు మెడిక్లెయిమ్. 1986లో ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు తెచ్చాయి, ఆఫీసులు గ్రూపు పాలసీలుగా కొన్నాయి. అది ఆసుపత్రి బిల్లు వరకే. కీమోకు గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చిన మనిషికి తోడున్నవాళ్ల లాడ్జి అద్దె, జీతం లేని సెలవు, ఇంటి అప్పు వాయిదా దాని లెక్కలోకి రావు.

ఆ లోటు తీర్చాలన్న పట్టుదల ఒక సర్జన్‌కు కలగడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో మొదటి గుండె మార్పిడి చేసిన క్రిస్టియాన్ బర్నార్డ్ బృందంలో ఆయన తమ్ముడు మారియస్ కూడా ఉన్నాడు. భర్తతో విడిపోయి, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న ఒకామెకు ఊపిరితిత్తుల క్యాన్సరని మారియస్ ఆపరేషన్ చేశాడు. కొన్నాళ్లకు ఆమె రొప్పుతూ తిరిగొచ్చింది. పిల్లల్ని పోషించడానికి పని మానలేదట. చనిపోయాక డబ్బిచ్చే బీమా ఉంది గానీ, బతికినన్నాళ్లూ నిలబెట్టే బీమా లేదని ఆయన కంపెనీల వెంట పడ్డాడు. 1983లో దక్షిణాఫ్రికాలో క్రూసేడర్ లైఫ్ ఆ పాలసీ తెచ్చింది. గుండెపోటు, క్యాన్సర్, పక్షవాతం, బైపాస్ సర్జరీ: ఈ నాలుగింట్లో ఏది వచ్చినా డబ్బు ఒకేసారి చేతికి వస్తుంది, బిల్లులు చూపించక్కర్లేదు.

మన దగ్గర 1990ల్లో ఎల్ఐసీ ఆశాదీప్ పాలసీ అదే దారిలో వచ్చింది. ఇప్పుడు చాలా ఆఫీసులు గ్రూపు పాలసీకి తోడుగా ఇలాంటి క్రిటికల్ ఇల్‌నెస్ (తీవ్ర వ్యాధుల) కవర్ పెట్టి, ప్రీమియం జీతంలోంచి కోస్తున్నాయి. ఇది మంచిదే. కానీ షరతులు చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. పాలసీ మొదలైన 90 రోజుల్లోపు జబ్బు బయటపడితే సాధారణంగా ఏమీ రాదు. జబ్బు తేలాక 30 రోజులు బతికుండాలని చాలా పాలసీలు అడుగుతాయి. తొలి దశ క్యాన్సర్లు కొన్నింట్లో లెక్కకే రావు. ఉద్యోగం మానేస్తే గ్రూపు కవరూ పోతుంది. నీరసంతో రాజీనామా ఇవ్వబోయే మనిషికి, క్లెయిమ్ కాగితాలు పెట్టాకే ఇవ్వమని ఆఫీసులో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.