రాగి రేకు, సీసపు రేకు



చిత్తూరు నుండి తిరుపతికి సుమారు డెబ్బై కిలోమీటర్లు. పూతలపట్టు, పాకాల, గాదంకి, చంద్రగిరి మీదుగా ఆ దారిలో ఎన్ని మార్లు ప్రయాణం చేశానో నాకే లెక్క తెలియదు. ఎర్రబస్సులో వెళ్ళాను, అద్దె అంబాసిడరులో వెళ్ళాను, ఇప్పుడు మా అబ్బాయి కారులో వెళుతున్నాను. వాహనం మారినప్పుడల్లా అందులోకి పాట వచ్చే తోవ కూడా మారుతూ వచ్చింది. ఆ తోవ చరిత్రనే ఈ పూట చెప్పదలచుకున్నాను. బాలవ్యాకరణం చెప్పుకొని బ్రతికిన తెలుగు పంతులుకు కారులోని కరెంటుతో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. పని పడింది కనుకనే చెబుతున్నాను.

2014 కార్తీకమాసంలో ఇంటిల్లిపాదీ కొండకు బయలుదేరాము. మా అమ్మ 2009లో కాలం చేసింది. 1986లో మా మేనమామ తెచ్చిన టేపురికార్డరులో ఆమె పాడిన మేలుకొలుపు ఒకటి మాత్రం మిగిలింది. ఆ క్యాసెట్టుకు బూజు పట్టబోయే వేళకు మా అబ్బాయి దానిని కంప్యూటరులోకి, అక్కడినుండి తన ఫోనులోకి ఎక్కించాడు. చంద్రగిరి దాకా సినిమా పాటలు సాగాయి. అలిపిరిలో తనిఖీ ముగిసి రెండవ ఘాటు రోడ్డు ఎక్కగానే నాయనమ్మ పాట పెట్టాడు. మా అమ్మది సన్నని గొంతు. అందుకని ధ్వని పెంచాడు. పాటతో పాటు ఒక ఈల కూడా పెరిగింది. మలుపు దగ్గర బండి గేరు మార్చి రొప్పితే ఆ ఈల తారస్థాయికి పోతుంది, నెమ్మదిస్తే మంద్రానికి దిగుతుంది. శ్రుతి నిలకడ లేని తంబూరా ముందు కూర్చుని మా అమ్మ పాడుతున్నట్లుంది.

"ఏమండీ, అత్తయ్య గొంతు వెనక ఆ కూత ఏమిటి?" అన్నది మా ఆవిడ.

"ఛార్జరు తీసేస్తే పోతుందమ్మా. కానీ ఫోనులో ఆరు శాతమే ఉంది" అన్నాడు మా అబ్బాయి.

ఆ మాట నన్ను చాలా కాలం వెంటాడింది. ప్రాణం పోస్తున్న తీగే పాటను చెడగొట్టడమేమిటి? ఆ సందేహం తీర్చుకోబోయి, కారులోని బెజ్జాలకు కూడా ఒక చరిత్ర ఉన్నదని తెలుసుకున్నాను.

కారులో పాట వినడం 1930లలో బాగా వాడుకకు వచ్చింది. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో కారుకు అమర్చుకోదగ్గ రేడియో తయారుచేసి, మోటారు అన్న మాట కలిసి వచ్చేటట్లు దానికి మోటరోలా అని పేరు పెట్టారు. రేడియో ఏది వినిపిస్తే అది వినవలసిందే. మనకు నచ్చిన పాటను మనమే వెంట తీసుకుపోయే వీలు 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టు తెచ్చిన తరువాత కలిగింది. తిరుపతి అద్దె కార్ల మటుకు చెప్పాలంటే, డ్రైవరు ముందర ఒక టేపురికార్డరు, పక్క అరలో నాలుగు క్యాసెట్లు. తెల్లవారుజామున బయలుదేరిన బండిలో మొదట మోగేది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతమే. 1963లో రికార్డయిన ఆ సుప్రభాతం నల్లని పళ్ళెం నుండి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుండి సీడీకి, సీడీ నుండి ఫోనుకు ఇళ్ళు మారుతూ వచ్చింది. గొంతు మాత్రం అదే.

ఇక ఫోనుకు ఛార్జి ఇచ్చే గుండ్రని బెజ్జం సంగతి. అది పుట్టింది ఫోను కోసం కాదు, చుట్ట కోసం. 1920ల నాటికే అమెరికా కార్లలో చుట్ట ముట్టించుకోవడానికి కరెంటుతో వేడెక్కే ఒక బిరడా ఉండేది. చుట్ట కాల్చేవారు తగ్గారు, బిరడా పోయింది, గూడు మిగిలింది. పన్నెండు వోల్టులు నిత్యం దొరికే చోటు కారులో అదొక్కటే కనుక లోకమంతా దానిలో తన తన తీగలు దూర్చింది. తరువాత 1996లో కంప్యూటర్ల కోసం పుట్టిన యూఎస్‌బీ కూడా ఈ పనికే వచ్చింది. దానిని రూపొందించిన బృందంలో మన దేశంలో పుట్టిన అజయ్ భట్ ముఖ్యుడు. ఫోనుకు కావలసింది అయిదు వోల్టులు. పన్నెండును అయిదుకు దించే పనే ఛార్జరుది.

పాట వెళ్ళే చిన్న బెజ్జం కథ మరీ చిత్రమైనది. ఆక్స్ అని మనవాళ్ళు పిలిచే ఆ 3.5 మిల్లీమీటర్ల పిన్ను 19వ శతాబ్దం చివర టెలిఫోను ఎక్స్ఛేంజీలలో పుట్టింది. ఒక చందాదారుని తీగను మరొకరి తీగతో కలపడానికి ఆపరేటర్లు వాడిన లావుపాటి పిన్నే క్రమంగా చిక్కి ఇంతయింది. అంటే ఫోను పాట కారులోకి వెళ్ళడానికి పాత ఫోను పిన్నునే ఆశ్రయించిందన్నమాట. నువ్వుల నెయ్యి అన్న అర్థంలో పుట్టిన "నూనె" నేడు వేరుసెనగకూ కొబ్బరికీ వర్తించినట్లు, వస్తువులకు కూడా అర్థవ్యాకోచం ఉన్నది. చుట్ట గూడు ఫోనుకు అన్నం పెట్టడం అర్థవ్యాకోచం కాక మరేమిటి?

ఈల మాటకు వస్తాను. ఇంజను తిరిగేటప్పుడు ఆల్టర్నేటరు కరెంటు పుట్టిస్తూ బ్యాటరీని నింపుతుంది. ఆ కరెంటు చదునైన నీరు కాదు, దానిలో చిన్న చిన్న అలలుంటాయి. ఇంజను వేగం హెచ్చితే అలలూ హెచ్చుతాయి. ఫోనును ఛార్జరుకు మాత్రమే తగిలిస్తే చిక్కు లేదు, స్టీరియోకు మాత్రమే తగిలించినా చిక్కు లేదు. రెంటికీ ఒకేసారి తగిలిస్తే కరెంటు తిరిగిపోవడానికి రెండు దారులు ఏర్పడతాయి: ఒకటి ఛార్జరు తీగ, రెండవది పాట తీగ. రెండూ కలిసి ఒక వలయమై, అలలు పాట దారిలో కూడా జొరబడతాయి. మనకు అదే ఈల. సినిమా పాటల హోరులో అది మరుగునపడుతుంది. ముసలి తల్లి సన్నని గొంతులో బయటపడుతుంది. పాట తీగ మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉన్న పెట్టెను తగిలిస్తే లోహపు లంకె తెగి, పాట మాత్రం అయస్కాంత శక్తితో ఆవలి ఒడ్డుకు చేరుతుంది. బ్లూటూత్‌కు ఆ పాట తీగే అక్కరలేదు. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డ్ బిరుదే ఆ పేరు. దేశాన్ని కలిపిన రాజు పేరు యంత్రాలను కలిపే విద్యకు పెట్టారు.

ఇంత తెలుసుకున్న తరువాత నా మనసు కొండమీదికే పోయింది. పాటను నిలవ చేయడమన్న విద్యలో మన తిరుమలకు మించిన చోటు ఏది? అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు రాగి రేకుల మీద చెక్కించి ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచాడు. రేకులు రెండు వేలకు పైమాటే. 1816లో వెలువడిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంలో ఈ రేకుల ప్రస్తావన ఉంది. వాటిని చూసి రమ్మని ఆయన ఒక మనిషిని పంపాడు. వ్యాకరణ గ్రంథాలు దొరుకుతాయేమోనని ఆశపడితే, ఒక్కటి తప్ప తక్కినవన్నీ స్వామి మీద పాటలేనని తేలి పక్కన పెట్టాడు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడిని కనుక ఆయన నిరాశ నాకు అర్థమవుతుంది, సిగ్గూ వేస్తుంది. మరో శతాబ్దం గడిచాక గాని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దల చేతిలో అవి పరిష్కృతం కాలేదు.

అయితే రాగి కాపాడినది మాటను మాత్రమే. రేకుల మీద రాగం పేరున్నది, స్వరం లేదు. పన్నెండు వేలకు పైగా పాటల పదాలు చేతికి వచ్చాయి, ఆయన పాడిన వరుస మాత్రం రాలేదు. అందుకే రాళ్ళపల్లి వారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, 2025లో మనల్ని విడిచిపోయిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. వారి కృషి వల్ల ఆ పాటలు మళ్ళీ జనం నోట నిలిచాయి. కానీ తాళ్ళపాక గొంతు ఎలా సాగిందో ఏ రేకూ చెప్పదు.

కొండ దిగితే కరకంబాడిలో మరో రేకుల భాండాగారం ఉంది. 1985లో మా జిల్లావాడైన గల్లా రామచంద్రనాయుడు గారు స్థాపించిన అమరరాజా సంస్థ అక్కడిదే. 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలు తెచ్చారు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే సీసపు రేకులను చాపచుట్టలా చుట్టి గంధకామ్లంలో ముంచి చేసినదే ఈ బ్యాటరీకి మూలపురుషుడు. ఒక్కొక్క అరకు రెండు వోల్టుల చొప్పున ఆరు అరలు కలిస్తే పన్నెండు. చిన్నకారు బ్యాటరీలో ఉండే శక్తితో లెక్కకు ఇరవై ఫోనులు నిండుతాయి. మేము ఈల విన్న మరుసటి ఏడాది, 2015లో, అప్పటి మా జిల్లాలోని శ్రీసిటీలో షావోమి ఫోనుల తయారీ కూడా మొదలైంది. రాగి రేకు మీద పాట, సీసపు రేకు మీద కరెంటు, చేతిలో ఫోను: మూడూ ఒకే జిల్లాలో దొరికాయి. వీటన్నిటి మధ్యా మా అమ్మ పాట నిలవలేకపోవడమే నా బాధ.

ఆ రోజు ఘాటు రోడ్డు మీద మా ఆవిడ "తీసెయ్ నాయనా" అన్నది. మా అబ్బాయి ఛార్జరు లాగేశాడు. ఈల ఆగిపోయింది. అమ్మ గొంతు ఒంటరిగా, తేటగా వినిపించింది. ఆమె ఊపిరి తీసుకోవడం, వెనుక ఎక్కడో పెరట్లో ఆవు అరవడం కూడా వినిపించాయి. పాత ఫోను, రెండవ చరణం సగంలో చీకటైపోయింది.

ఎవరమూ మాట్లాడలేదు. ఒక మలుపు దాటాక మా ఆవిడ ఆగిన చోటునుండి అందుకున్నది. చరణం చివర మా అమ్మ మాత్రమే వేసే ఆ విరుపుతో సహా పాడి ముగించింది. ముప్పై ఏళ్ళు అత్తాకోడళ్ళు ఒక వంటింట్లో మెలిగారు, ఆమె ఎప్పుడు నేర్చుకున్నదో నేను ఎన్నడూ గమనించలేదు.

ఇంటికి రాగానే ఆ పాటకు నాలుగు నకళ్ళు తీయించాను. మా అబ్బాయి కారులో ఈల పోయే పెట్టె బిగించాడు. కానీ అసలు పని ఆ తరువాతే మొదలుపెట్టాను: వారానికి ఒక సాయంత్రం మా మనవరాలు నాయనమ్మ పక్కన కూర్చుని ఆ మేలుకొలుపు నేర్చుకుంటున్నది. మీ ఇళ్ళలో బూజు పట్టిన క్యాసెట్లు ఉంటే ముందు నకలు తీయించండి. ఆపైన, పాడగలిగినవారు ఇంట్లో ఉండగానే ఎవరికైనా నేర్పించండి.

స్వస్తి.