ఎం.బుక్కు నుంచి ఆర్బిట్రేషన్ దాకా: మన నిర్మాణ తగాదాల చరిత్ర

మనం చదువుకునే రోజుల్లో బాచుపల్లి ఒక గ్రామ పంచాయతీ. 2016లో మండల కేంద్రమైంది. 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసింది. ఇప్పుడు ఎటు చూసినా అపార్టుమెంట్లే. వీటిని ఎవరు కట్టారో అందరికీ తెలుసు. కట్టేటప్పుడు వచ్చిన తగాదాలను ఎవరు, ఎలా తీర్చారో మాత్రం ఎవరూ రాయలేదు. ముప్పై ఏళ్ళుగా నిర్మాణరంగంలో ఉన్న పూర్వ విద్యార్థిగా ఆ చరిత్రను నాకు తెలిసినంతలో ఈ స్వర్ణోత్సవ సంచికలో పంచుకుంటాను.

ముందు తగాదా ఎలా పుడుతుందో చూద్దాం. మన ప్రాంతంలో పైన మట్టి, మొరం, తవ్వితే గ్రానైటు. టెండరులో ‘గట్టి మొరం’ అని ఉంటుంది. పది అడుగులు దిగేసరికి రాయి తగులుతుంది. మొరానికీ రాతికీ తవ్వకం రేటులో చాలా తేడా. కాంట్రాక్టరు ‘ఇది హార్డ్ రాక్’ అంటాడు. ఇంజనీరు ‘కాదు, మెత్తబడిన రాయే’ అంటాడు. ఈలోగా పునాది వేసేస్తారు, మట్టి పూడ్చేస్తారు. తీర్పు చెప్పాల్సినవాడు వచ్చేసరికి చూడటానికి రాయీ ఉండదు, గొయ్యీ ఉండదు. మిగిలేది కాగితమే.

ప్రభుత్వ పనుల్లో ఈ తగాదాలకు పాత దారి ఒకటి ఉండేది. మద్రాసు రాష్ట్రపు స్టాండర్డ్ స్పెసిఫికేషన్ల నుంచి మనకు వారసత్వంగా వచ్చిన 73వ క్లాజు అది. దాని కింద తగాదా ఇంజనీరింగ్ అధికారుల ముందుకే వెళ్ళేది. పని తెలిసినవాడే తీర్పు చెప్పడం అందులోని మంచి. తీర్పరి కూడా ప్రభుత్వ ఉద్యోగే కావడం అందులోని చిక్కు. ఎనభైలలో రాష్ట్ర ప్రభుత్వం యాభై వేల రూపాయలు దాటిన క్లెయిములను సివిల్ కోర్టుకే వెళ్ళమంది.

అప్పట్లో దేశమంతటా 1940 నాటి ఆర్బిట్రేషన్ చట్టమే నడిచేది. మధ్యవర్తి ఇచ్చిన అవార్డును కోర్టు డిక్రీగా మార్చితేనే అది అమలయ్యేది. అందువల్ల మధ్యవర్తి దగ్గర ముగిసిన తగాదా కోర్టులో మళ్ళీ మొదలయ్యేది. 1981లో గురునానక్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టే ఈ పరిస్థితి చూసి వాపోయింది.

మన నాగార్జునసాగర్ కూడా ఈ చరిత్రలో ఉంది. ఆ ప్రాజెక్టు లైనింగ్ పనిలో వచ్చిన తగాదా అసోసియేటెడ్ ఇంజనీరింగ్ కంపెనీ కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నాపరాళ్ళ ధర పెరిగిందనీ, నీళ్ళు ఎక్కువ దూరం నుంచి తేవాల్సి వచ్చిందనీ, కూలి రేట్లు పెరిగాయనీ కాంట్రాక్టరు అదనపు సొమ్ము అడిగాడు. అంపైర్ ఇచ్చాడు. హైకోర్టు వాటిని కొట్టేసింది. 1991లో సుప్రీంకోర్టు హైకోర్టు మాటే ఖాయం చేసింది: మధ్యవర్తి అధికారం ఒప్పందంలో నుంచే పుడుతుంది, ఒప్పందం దాటి ఇచ్చింది చెల్లదు. దేశంలో ఎక్కడ కాంట్రాక్టు తగాదా వచ్చినా లాయర్లు నేటికీ ఈ కేసును ఉదహరిస్తారు. మన నాపరాయి అంత దూరం వెళ్ళింది.

ఆ పాత చట్టాన్ని మార్చడంలో ముఖ్యపాత్ర ఒక తెలుగు న్యాయకోవిదుడిది. ఆయన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు. 1936లో కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టారు. 1988 నుంచి 1996 వరకు కేంద్ర న్యాయశాఖ కార్యదర్శి. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1985లో తయారుచేసిన నమూనా ఆధారంగా కొత్త ఆర్బిట్రేషన్, కన్సీలియేషన్ చట్టం ఆయన కార్యదర్శిగా ఉన్న కాలంలోనే రూపుదిద్దుకుంది. పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా 1996 జనవరిలో ఆర్డినెన్సుగా వచ్చి, ఆగస్టులో చట్టమైంది. అవార్డును కోర్టు డిక్రీగా మార్చే తతంగం పోయింది. తీర్పరి కారణాలు రాయాలన్నది నియమమైంది. అవార్డును కొట్టేసే కారణాలు తగ్గాయి. తర్వాత రావు గారు హాంబర్గులోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానంలో న్యాయమూర్తిగా, 1999 నుంచి 2002 వరకు దాని అధ్యక్షులుగా పనిచేశారు. 2012లో పద్మభూషణ్ అందుకున్నారు. 2018లో హైదరాబాదులో కన్నుమూశారు. మన కాంట్రాక్టర్లలో చాలామందికి ఆయన పేరు తెలియదు. వాళ్ళు సంతకం పెట్టే అగ్రిమెంట్లలో మాత్రం ఆ చట్టం పేరు ఉంటుంది.

ఆ చట్టంతోనూ అన్నీ తీరలేదు. తమ ఉద్యోగినే తీర్పరిగా వేసుకునే అలవాటు కొనసాగింది. 2015 సవరణ దాన్ని ఆపింది, అవార్డుకు పన్నెండు నెలల గడువు పెట్టింది. ఆ గడువును వాదప్రతివాదాల దాఖలు పూర్తయిన నాటి నుంచి లెక్కించాలని 2019లో మార్చారు. ఒక పక్షమే ఏకపక్షంగా ఏకైక మధ్యవర్తిని నియమించడం చెల్లదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఈలోగా హైదరాబాదుకే ఒక కేంద్రం వచ్చింది. 2021 డిసెంబరు 18న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ గారు, ముఖ్యమంత్రి కేసీఆర్ గారు నానక్‌రాంగూడలో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రాన్ని ప్రారంభించారు. సింగపూరు, లండన్ వెళ్ళే తగాదాలు మన ఊళ్ళోనే తీరాలన్నది ఆశ. ఫ్లాటు కొన్నవారికి 2016 నాటి రెరా చట్టం వేరే దారి చూపింది. మన కాలనీల్లో చాలామందికి ఆ దారి ఇప్పటికే పరిచయం.

2024 జూన్‌లో మరో మలుపు. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ క్లాజును అలవాటుగా పెట్టవద్దనీ, పది కోట్ల లోపు తగాదాలకే పరిమితం చేయవచ్చనీ, మీడియేషన్‌ను వాడుకోమనీ కేంద్ర ఆర్థికశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్ద క్లెయిములకు మళ్ళీ కోర్టే గతి. నలభై ఏళ్ళ కిందట మన రాష్ట్రం తీసుకున్న నిర్ణయమే అంకెలు మారి తిరిగొచ్చింది. కోర్టు ఆలస్యమని మధ్యవర్తి దగ్గరకు, మధ్యవర్తి ఖరీదని కోర్టు దగ్గరకు మనం తిరుగుతూనే ఉన్నాం.

ఈ తిరుగుడులో నలిగేది చిన్నవాడు. నాకు తెలిసిన ఒక సబ్-కాంట్రాక్టరు రాతి తవ్వకం బిల్లు కోసం పదకొండేళ్ళు తిరిగాడు. చివరికి గెలిచాడు కూడా. అప్పటికే రెండు పొక్లెయిన్లు అమ్మేశాడు, కొడుకు ఇంజనీరింగు మధ్యలో ఆపేశాడు. అదే సమస్య ఇంకో సైటులో అరపూటలో తీరడం చూశాను. అక్కడ రాయి తగిలిన రోజే ఇద్దరూ కలిసి లెవెల్స్ తీసుకున్నారు, ఫోటోలు తీశారు, మెజర్‌మెంట్ బుక్కులో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. పని ఎందుకు ఆగిందో ఏ రోజుకారోజు రిజిస్టరులో ఎక్కించారు. లాయరు అవసరమే రాలేదు.

చట్టాలు నాలుగుసార్లు మారినా ఈ ఒక్క సంగతి మారలేదు. ఎంత గొప్ప తీర్పరైనా ఆనాడు రాసిన కాగితాన్ని బట్టే తీర్పు చెప్పగలడు. రాయని రాయికి రేటు రాదు.

అందుకే సివిల్ ఇంజనీరింగు వైపు వెళ్తున్న మన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. డిజైను సాఫ్టువేరు కాలేజీలో నేర్పుతారు. సైటు డైరీ రాయడం ఎవరూ నేర్పరు, మీరే అలవాటు చేసుకోండి. ఉపాధ్యాయులకు ఒక విన్నపం: లా చదవాలనుకునే పిల్లలకు నిర్మాణరంగ న్యాయం కూడా ఒక వృత్తేనని చెప్పండి. రాయికీ మొరానికీ తేడా తెలిసిన లాయర్లు మనకు చాలా తక్కువ. ఇంత నిర్మాణం మధ్య పెరుగుతున్న బాచుపల్లి పిల్లలకు ఆ తేడా కిటికీలోంచి చూసినా తెలుస్తుంది.