సపోర్టంటే రసీదా? లస్కరా?

ఆ మధ్య ఓ అర్ధరాత్రి మా ప్రొడక్షన్ సర్వర్ పడుకుంది. ఏటా డబ్బులు పోసి ప్రీమియం సపోర్టు తీసుకున్నాం కదాని ఓఎస్ వెండర్‌కి టికెట్ వేశాం. పావుగంటలో జవాబు: "లాగ్స్ పంపండి". పంపాం. షిఫ్టు మారి కొత్తాయనొచ్చాడు: "లాగ్స్ పంపండి". మర్నాటి సాయంత్రానికి "కొత్త కెర్నల్ వేసి చూడండి" అన్నారు. ఈలోపే మా సీనియర్ ఒకాయన డ్రైవర్‌ని పాత వెర్షన్‌కి మార్చి సర్వర్ని లేపేశాడు.

వెండర్ తప్పేం లేదు లెండి. కాంట్రాక్టులో రాసింది ఇంతసేపట్లో జవాబిస్తామని, ఇంతసేపట్లో బాగుచేస్తామని కాదు.

పోనీ గడువైనా గట్టిదా అంటే, అదీ వాళ్ళ చేతిలోదే. 2003 మార్చిలో వచ్చిన రెడ్ హ్యాట్ లినక్స్ 9కి 2004 ఏప్రిల్ 30తో సపోర్టు అయిపోయింది. పట్టుమని 13 నెలలు! ఆ తర్వాత డబ్బు కట్టి ఎంటర్‌ప్రైజ్ లినక్స్ కొనుక్కోవాలి, లేదా ఫెడోరాకి పోవాలి. కట్టలేనివాళ్ళకి అదే సోర్సుతో తయారైన సెంటోస్ దిక్కయింది. 2019లో వచ్చిన సెంటోస్ 8 మీద 2029 దాకా నిశ్చింత అనుకున్నారంతా. 2020 డిసెంబరు 8న ప్రకటన వచ్చింది, 2021 చివరికే ఆపేస్తామని. ఒక్క ప్రకటనతో ఏడెనిమిదేళ్ళు ఎగిరిపోయాయి. ఆల్మా, రాకీ లినక్స్‌లు పుట్టింది ఆ దెబ్బకే.

మాది కృష్ణా డెల్టా కాబట్టి నాకు బెజవాడ ఆనకట్ట గుర్తొస్తుంది. 1852-55 మధ్య కెప్టెన్ ఓర్ కట్టించాడు. కట్టినవాళ్ళు వెళ్ళిపోయినా 1952లో గండి పడేదాకా దాదాపు వందేళ్ళు నీళ్ళిచ్చింది. దాని కింది కాలవలకి వేసవిలో నీళ్ళు కట్టేసి పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగుతారు, లాకులు చూస్తారు. మన భాషలో మెయింటెనెన్స్ విండో అన్నమాట. ఏ తూము దగ్గర కట్ట బలహీనమో లస్కరుకి తెలుసు. ఏ కాంట్రాక్టులోనూ ఉండదా సంగతి.

ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు కొట్టుకొచ్చి దాని గేట్ల కౌంటర్‌వెయిట్లని విరగ్గొట్టాయి. అప్పుడు పిలిచింది ఎవర్ని? గేట్ల పనిలో తలపండిన కన్నయ్య నాయుడు గారిని. అంతకు ముందు నెలలోనే తుంగభద్ర గేటు కొట్టుకుపోతే అక్కడికెళ్ళి నీళ్ళకి అడ్డుకట్ట వేయించిందీ ఆయనే.

వెండర్ సపోర్టు దండగని నేననడం లేదు. సెక్యూరిటీ ప్యాచ్‌లు పాత వెర్షన్లకి తెచ్చిపెట్టడం చిన్న పని కాదు. ఆడిటర్ అడిగితే చూపించడానికి ఆ రసీదూ ఉండాలి. కానీ సబ్‌స్క్రిప్షన్ కట్టాం కదాని సిస్టం అడ్మిన్లని తీసేసే కంపెనీలున్నాయే, వాళ్ళతోనే నా పేచీ. రసీదు ఉంది కదాని లస్కర్ని మాన్పించేస్తే, అర్ధరాత్రి గండి పడినప్పుడు తూము దగ్గరికి ఎవరెళ్తారు?