గోధుమ తుప్పు తెగులు: కొండల మీద మొదలైన నిఘా

గోధుమ ఆకుల మీద, కాడల మీద ఇనుప తుప్పును పోలిన పొక్కులు లేపి గింజను తాలుగా మార్చే శిలీంధ్ర వ్యాధిని తుప్పు తెగులనీ, కుంకుమ తెగులనీ అంటారు. ఇందులో నల్ల, గోధుమ రంగు, పసుపు తుప్పులని మూడు రకాలుండగా, మొదటిది ముఖ్యంగా కాడను, మిగిలినవి ఆకును ఆశిస్తాయి. నర్మదా లోయలో మైళ్ల కొద్దీ పైరు దీనివల్ల నాశనమైన వైనాన్ని బ్రిటిష్ అధికారి విలియం స్లీమన్ 1844లో అచ్చయిన గ్రంథంలో వర్ణించాడు. అక్కడి ప్రజలు ఆ విపత్తును మనుషుల పాపాలకు ముడిపెట్టారు.

నల్ల తుప్పు శిలీంధ్రం తన జీవితచక్రంలో కొంత భాగాన్ని బార్బెరీ అనే ముళ్లపొద మీద గడుపుతుందని జర్మన్ శాస్త్రవేత్త డి బారీ 1865లో నిరూపించాక, పాశ్చాత్య దేశాలు ఆ పొదలను పెరికివేయడానికి పూనుకున్నాయి. హిమాలయాల్లో బార్బెరీ ఉన్నా, మన పైరుకు తెగులు అక్కడినుంచే వస్తోందనడానికి ఆధారాలు చాలవని పరిశోధకులు బట్లర్, హేమన్‌లు 1906 నాటికే గమనించారు. మరి మార్చి, ఏప్రిల్ నెలల్లో కోత ముగిశాక మైదానాల ఎండకు సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రం వ్యాపించడానికి వదిలే పొడివంటి కణాలు, చచ్చిపోతుంటే, మళ్లీ శీతాకాలపు పైరు మీదికి తెగులు ఎక్కడినుంచి వస్తోంది? ఆగ్రా కళాశాల ఆచార్యుడు కరమ్‌చంద్ మెహతా 1920ల నుంచి తన జీవితాన్ని ఈ ఒక్క ప్రశ్నకే అంకితం చేశాడనవచ్చు. వేసవిలోనూ చల్లగా ఉండే హిమాలయ సానువుల్లో, దక్షిణాన నీలగిరి, పళని కొండల్లో అదనుకాని కాలంలో పండే గోధుమ మీద, తమంత తాముగా మొలిచిన మొక్కల మీద తెగులు ప్రాణం నిలుపుకుంటుందనీ, అక్కడినుంచి గాలి దాన్ని మైదానాలకు దింపుతుందనీ ఆయన తేల్చాడు. ఆయన గ్రంథం 1940లో వెలువడింది. పొలంలో వైద్యం వెదికే చూపును పొలానికి ఆవలనున్న మూలం వైపు తిప్పడమే ఈ పరిశోధన అసలు ఘనత.

నీలగిరి నుంచి మధ్య భారతానికి వేయి కిలోమీటర్లకు పైబడిన దూరాన్ని సిద్ధబీజాలు ఎలా దాటుతాయన్నది 1970లలో శాస్త్రవేత్త ఎస్. నాగరాజన్, ఆయన సహచరుల అధ్యయనాలతో స్పష్టమైంది. గోధుమ విత్తే నవంబరు ప్రాంతంలో బంగాళాఖాతంలో పుట్టే తుపానుల గాలులు వాటిని పైకెత్తి ఉత్తరానికి మోసుకుపోగా, అక్కడి వాన వాటిని లేత పైరు మీద దించుతుంది. కోస్తా రైతు కోతకొచ్చిన వరిని తలచుకుని భయపడే ఆ తుపానే, నర్మదా తీరపు గోధుమకు మరో రకమైన ముప్పును మోసుకెళ్తుందన్నమాట. ఉపగ్రహ చిత్రాల్లోని మేఘాల తీరును బట్టి తెగులు రాకను ముందుగా అంచనా వేసే సూత్రాలు ఈ అవగాహన నుంచే రూపొందాయి.

హరిత విప్లవంతో సమస్య స్వరూపం మారింది. ఒకే రకాన్ని లక్షల ఎకరాల్లో విత్తడం దిగుబడికి మేలుచేసినా, ఆ రకాన్ని లొంగదీయగల శిలీంధ్ర తెగ ఒక్కటి పుడితే చాలు, దానికి అడ్డే ఉండదు. కల్యాణ్ సోనా అనే గోధుమ రకం 1970ల ఆరంభంలో గోధుమ రంగు తుప్పుకు లొంగిపోగా, 1995లో విడుదలైన పీబీడబ్ల్యూ 343 రకం తరువాతి దశాబ్దంలో పసుపు తుప్పుకు తలవంచింది. అందుకే సిమ్లాలోని ఫ్లవర్‌డేల్ గోధుమ పరిశోధన కేంద్రంలో, దేశం నలుమూలల నుంచి వచ్చే తెగులు ఆకుల నమూనాలను, తెలిసిన నిరోధక జన్యువులున్న గోధుమ మొలకల మీద పరీక్షించి, ఏ తెగ ఎక్కడ తలెత్తుతోందో గుర్తిస్తారు. తెగులుకు సులభంగా లొంగే రకాలను కావాలనే నాటే ఎర మళ్లు కూడా ఈ కాపలాలో భాగమే.

పసుపు తుప్పు చల్లని, తేమగల వాతావరణంలో విజృంభిస్తుంది కనుక, ఏటా శివాలిక్ కొండపాదాల్లోని రోపర్, హోషియార్‌పూర్, యమునానగర్ ప్రాంతాలలో, ముఖ్యంగా పాప్లార్ చెట్ల నీడ పడే మళ్లలో దాని జాడను ముందుగా వెదుకుతారు. తెగులు పొలమంతా ఒక్కసారిగా కాక చిన్న చిన్న మచ్చలుగా మొదలవుతుంది. ఆ దశలోనే లీటరు నీటికి 1 మి.లీ. ప్రొపికొనజోల్ కలిపి పిచికారీ చేస్తే అది పక్క పొలాలకు పాకదు. అయితే నత్రజని లోపించినా, నీరు నిలిచినా ఆకులు పసుపుబారుతాయి కాబట్టి, మందు కొట్టే ముందు ఆకును తెల్లని గుడ్డతో రుద్ది, పసుపు పొడి అంటుతుందో లేదో చూడమని పంజాబ్ రైతులకు వ్యవసాయాధికారులు చెబుతుంటారు.